అయిదడుగుల పలక మీద గూడ్స్ యార్డు: నలుగురు కూర్చుని ఆడుకునే మోడల్ రైల్వే కట్టుకోవడం ఎలా

అమెరికా నుంచి వచ్చిన బావగారో, బాబాయి కొడుకో ఒక ట్రైన్ సెట్ తెస్తారు. హాల్లో నేల మీద పట్టాలు గుండ్రంగా కలుపుతాం, ఇంజన్ పెడతాం, పిల్లలు చప్పట్లు కొడతారు. పదో చుట్టుకు పిల్లలు టీవీ దగ్గరికి, పెద్దలు రాజకీయాల్లోకి వెళ్లిపోతారు. పెట్టె అటక మీదకి ఎక్కుతుంది. తప్పు రైలుది కాదు. గుండ్రంగా తిరిగే రైలుతో మనిషికి చేయడానికి పనేమీ ఉండదు. పని లేనిచోట దాని గురించి మాటా ఉండదు.

నా మాట వింటే మొదటి లేఅవుట్‌గా (పట్టాల అమరికగా) షంటింగ్ యార్డు కట్టండి, అంటే వ్యాగన్లను విడదీసి కావలసిన వరసలో పేర్చే చోటు. ఒకరు ఇంజన్ నడుపుతారు, ఒకరు పాయింట్లు (బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మళ్లించేవి) తిప్పుతారు, ఒకరు బండ్లు విడదీస్తారు, మిగిలినవాళ్లు ఉచిత సలహాలిస్తారు. సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు. దీనికి గది అక్కర్లేదు, అపార్ట్‌మెంట్‌లో బీరువా మీద పట్టేంత పలక చాలు. ఇంగ్లండ్‌కు చెందిన అలన్ రైట్ అనే అభిరుచిదారు పేరు మీద దశాబ్దాలుగా చలామణిలో ఉన్న 'ఇంగిల్‌నుక్' అనే ప్లాన్‌నే ఇక్కడ వాడుతున్నాను. ఇంత తక్కువ జాగాలో ఇంత ఆట ఇచ్చే ప్లాన్ ఇంకోటి నాకైతే కనబడలేదు.

ముందు ఆట అర్థం చేసుకోండి

రంపం పట్టుకునే ముందు కాగితం మీద గీయండి. మూడు లైన్లు, రెండు పాయింట్లు, ఒక షంటింగ్ నెక్, అంటే లైన్లన్నీ కలిశాక ఇంజన్ అటూ ఇటూ కదిలే ముక్క. ఒకటో లైన్లో 5 వ్యాగన్లు పడతాయి. రెండు, మూడు లైన్లలో తలా 3. నెక్‌లో ఇంజన్‌తో పాటు 3 వ్యాగన్లే పడతాయి, నాలుగోది పట్టకూడదు. మొత్తం వ్యాగన్లు 8. ఎనిమిది చీటీలు రాసి, కలిపి, అయిదు తీయాలి. చీటీలు వచ్చిన వరసలోనే ఆ అయిదు వ్యాగన్లనూ ఒకటో లైన్లో నిలబెట్టాలి. ఆట ఇంతే.

ఇంతేనా అనిపిస్తుంది. ఎనిమిదిలోంచి అయిదింటిని వరసగా పేర్చే పద్ధతులు 6,720 ఉన్నాయి. రోజుకొకటి ఆడినా పద్దెనిమిదేళ్లు పడుతుంది.

ఒక ఎత్తు చూపిస్తాను. ఒకటో లైన్లో నెక్ వైపు కొసన సిమెంటు వ్యాగన్, దాని వెనక బియ్యం వ్యాగన్ ఉన్నాయనుకోండి. మీకు బియ్యం వ్యాగన్ కావాలి. ఇంజన్‌తో రెంటినీ నెక్‌లోకి లాగండి. ఇంజన్ పక్కన సిమెంటు, అవతల బియ్యం. ఇప్పుడు ఖాళీగా ఉన్న మూడో లైన్లోకి వెనక్కి నెట్టండి. ముందుగా లోపలికి వెళ్లేది బియ్యమే. రెంటి మధ్య కప్లింగ్ (బండ్లను కలిపే కొక్కెం) విడదీసి, సిమెంటు వ్యాగన్‌ను తిరిగి ఒకటో లైన్లో పెట్టేయండి. చివర తగిలించిందే ముందు బయటికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు, అచ్చంగా స్టాకే. అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ నుంచే తొలి తరం కంప్యూటర్ హ్యాకర్లు కొందరు వచ్చారంటే ఆశ్చర్యం ఏముంది?

ట్రాక్ కొనేముందు ఈ ఆటను అగ్గిపెట్టెలతో ఒక సాయంత్రం ఆడి చూడండి. నచ్చకపోతే డబ్బు మిగిలింది.

స్కేలు ఎంచుకోవడం

మన దగ్గర తేలిగ్గా దొరికేది, చేతికి అనువుగా ఉండేది హెచ్‌ఓ. 1:87 నిష్పత్తి, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఎన్ స్కేలు ఇంకా చిన్నది, 1:160, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. ఇదే యార్డు ఎన్‌లో మూడడుగుల్లో ఇమిడిపోతుంది. కానీ నలభై దాటిన కళ్లకు ఆ కప్లింగులు విడదీయడం నరకం. బ్రిటిష్ మోడళ్లు ఎక్కువగా ఓఓ స్కేలు, 1:76. పట్టాల వెడల్పు మాత్రం హెచ్‌ఓకున్నదే, కాబట్టి అదే ట్రాక్ మీద నడుస్తాయి.

మన రైళ్లు చేసుకోవాలనుకునేవాళ్లు నలుగురు కలిస్తే తప్పకుండా లేచే వాదన ఒకటుంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. మనం నడిపేది 16.5 మీద, అంటే 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయే ట్రాక్ మీద. పక్కనుంచి చూస్తే తెలియదు, ఎదురుగా చూస్తే ఇంజన్ కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. 19 మిల్లీమీటర్ల ట్రాక్ సొంతంగా వేసుకునే మొండిఘటాలకు నా దండం. మీరు మాత్రం 16.5తో మొదలుపెట్టండి.

మెయిన్ లైన్ ఎక్స్‌ప్రెస్ కట్టాలన్న ఆశ ఉంటే ఒక్క లెక్క చూడండి. ఇప్పటి ఎక్స్‌ప్రెస్‌లకుండే ఎల్‌హెచ్‌బీ రకం బోగీ సుమారు 24 మీటర్లు. హెచ్‌ఓలో 27.6 సెంటీమీటర్లు. 24 బోగీల రైలు ఇంజన్ లేకుండానే 6.6 మీటర్లు. రాజమండ్రి దగ్గర గోదావరి ఆర్చి బ్రిడ్జిలో ఒక్క ఆర్చి 97.5 మీటర్లు, స్కేలుకు చేస్తే మీటరు దాటుతుంది. అలాంటి ఆర్చీలు అక్కడ 28 ఉన్నాయి. పుణెలో కొత్రూడ్ దగ్గరున్న జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం, వీలైతే 2001లో జర్మనీలోని హాంబర్గ్‌లో తెరిచిన మినియేచర్ వండర్‌ల్యాండ్ అనే మోడల్ రైల్వే ప్రదర్శన తప్పకుండా చూడండి. చూసి వచ్చిన ఊపులో మాత్రం ఏమీ కొనకండి.

కొలతలు, పలక

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఈ ప్లాన్ బాగా రావడం కొలతల మీదే ఆధారపడి ఉంటుంది. మీ దగ్గరున్న వ్యాగన్‌ను ఒక కప్లింగ్ నుంచి ఇంకో కప్లింగ్ దాకా కొలవండి. రెండు ఇరుసుల యూరప్ వ్యాగన్ సుమారు 11 సెంటీమీటర్లు ఉంటుంది. చిన్న షంటింగ్ డీజిల్ 15 అనుకుందాం.

నెక్: 15 + 33 = 48 సెంటీమీటర్లు. పీకో కంపెనీ స్మాల్ రేడియస్ పాయింటు ఒక్కోటి 18.5, రెండు కలిపి 37. పాయింటు దాటగానే బండి నిలబెడితే పక్క లైన్లో వచ్చేదానికి తగులుతుంది కాబట్టి ఫౌలింగ్ మార్క్ కోసం ఇంకో 8 వదలండి. ఆ తర్వాత అయిదు వ్యాగన్లకు 55. మొత్తం 148. అయిదడుగుల పలక 152 సెంటీమీటర్లు. మిగిలిన నాలుగూ రెండు కొసల బఫర్ స్టాప్‌లకు (బండి దాటిపోకుండా ఆపే అడ్డు దిమ్మలకు). అమెరికన్ 40 అడుగుల బాక్స్‌కార్లయితే ఒక్కోటి 15 దాకా వస్తుంది, అప్పుడు ఆరున్నర అడుగుల పలక తీసుకోండి.

వెడల్పు అడుగు చాలు. లైన్ల మధ్య 5 సెంటీమీటర్లు ఉంచితే గోదాముకూ, లారీ రోడ్డుకూ ఇంకా జాగా ఉంటుంది.

ప్లైవుడ్ షాపులో 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లై ముక్క అడగండి. పెద్ద షీటు కోయగా మిగిలిన ముక్కలు ఉంటాయి, చవకగా ఇస్తారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు కమర్షియల్ ప్లై ఒక్క వానాకాలానికే ఉబ్బుతుంది, ట్రాక్ అలలు తిరుగుతుంది. కింద అంచుల వెంట, మధ్యలో రెండు చోట్ల అంగుళంన్నర చెక్క బద్దలు బిగించమని కార్పెంటర్‌కు చెప్పండి. పలక వంగకుండా ఉంటుంది, వైర్లు దాచుకోవడానికి చోటూ దొరుకుతుంది. అడుగు భాగానికి కూడా ప్రైమర్ కొట్టించండి. చెదల మందు సంగతి మీ ఊరును బట్టి.

ట్రాక్ వేయడం

ఒక కుడి పాయింటు, ఒక ఎడమ పాయింటు, మూడు ఫ్లెక్స్ ట్రాక్ (వంచుకోగలిగే ట్రాక్) ముక్కలు. పీకో ఫ్లెక్స్ ట్రాక్ ఒక్కోటి 914 మిల్లీమీటర్లు. పట్టాలు నికెల్ సిల్వర్‌వే తీసుకోండి. పాత సెట్లలోని ఇనుప పట్టాలు మన గాలికి తుప్పు పడతాయి.

పలక మీద 3 మిల్లీమీటర్ల కార్క్ షీటు అతికించి, దాని మీద పెన్సిల్‌తో గీతలు గీసి, ముందు పాయింట్లు పెట్టండి. ట్రాక్ ఎప్పుడూ పాయింట్ల నుంచి బయటికి వేసుకుంటూ వెళ్లాలి. ఫ్లెక్స్ ట్రాక్ కోసిన తర్వాత పట్టా కొసలను సన్నటి ఆకురాయితో నున్నగా చేయండి, పైనా, లోపలి అంచూ, అడుగూ. అడుగున గరుకు మిగిలితే జాయినర్ (రెండు పట్టాలను కలిపే రేకు) ఎక్కదు. బలవంతంగా నెడితే అది పట్టా కిందికి మడతపడి అక్కడొక గుట్ట లేస్తుంది. వేలిగోరు పట్టా లోపలి అంచు వెంట జార్చి చూడండి. గోరు ఆగినచోట చక్రమూ ఆగుతుంది.

ఇంకా జిగురు పెట్టకండి. పిన్నులతో నిలిపి, ఒక వ్యాగన్‌ను చేత్తో ముందుకీ వెనక్కీ తోయండి, ముఖ్యంగా పాయింట్ల మీద. తర్వాత రెండు వ్యాగన్లు కలిపి నెట్టండి. షంటింగ్‌లో సగం పని వెనక్కి నెట్టడమే కాబట్టి లాగినప్పుడు బాగుంటే సరిపోదు. పట్టా తప్పితే ముందు పాయింటును అనుమానించకండి, చక్రాలు చూడండి. ఇరుసు మీద రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిస్తే సుమారు 14.4 మిల్లీమీటర్లుండాలి. తక్కువైతే మెల్లగా తిప్పుతూ లాగండి.

ఎండాకాలం వేస్తుంటే పట్టాల మధ్య పెద్దగా సందు అక్కర్లేదు. చలికాలంలో వేస్తుంటే అక్కడక్కడా అర మిల్లీమీటరు వదలండి.

కరెంటు

మొదట జాగ్రత్త మాట. అమెరికా నుంచి వచ్చిన సెట్‌లోని పవర్ ప్యాక్ వెనక చూడండి. ఇన్‌పుట్ దగ్గర 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టొద్దు. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీ మార్చదు. పొగ వస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి, లేదా ఇక్కడి 12 వోల్టుల డీసీ కంట్రోలర్ కొనుక్కోండి. ల్యాప్‌టాప్ చార్జర్ రెండు చోట్లా పనిచేస్తుంది కదా అని దీన్నీ అలాగే అనుకుంటారు చాలామంది.

డీసీసీ (ఒకే ట్రాక్ మీద ఒక్కో ఇంజన్‌నూ విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) పెట్టాలా అని ప్రతివాడూ అడుగుతాడు. ఒకే ఇంజన్ నడిచే యార్డుకు అక్కర్లేదు. రెండో ఇంజన్ కొన్నాక ఆలోచించండి.

పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే మొనను ఫ్రాగ్ అంటారు. అది ప్లాస్టిక్‌ది అయిన ఇన్సుల్‌ఫ్రాగ్ రకం పాయింట్లు తీసుకుంటే వైరింగ్ రెండే రెండు తీగలు. పాయింటు ఏ లైన్‌కు తిప్పి ఉంటే ఆ లైన్‌కే కరెంటు వెళ్తుంది. అందుకే ఫీడు ఎప్పుడూ నెక్ వైపు నుంచి ఇవ్వాలి. దీని ఇబ్బంది ఏమిటంటే, మధ్యలో ఉన్న ప్లాస్టిక్ ముక్క మీద నాలుగు చక్రాల చిన్న ఇంజన్ మెల్లగా వెళ్తే ఆగిపోవచ్చు. ఫ్రాగ్ లోహంతో ఉండే ఎలక్ట్రోఫ్రాగ్‌లో ఆ బాధ ఉండదు కానీ, ఫ్రాగ్ నుంచి బయలుదేరే రెండు లోపలి పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు తప్పనిసరి. షంటింగ్ అంటేనే మెల్లగా నడపడం. చేతికి టంకం పని వచ్చినవాళ్లు ఎలక్ట్రోఫ్రాగే వేసుకోండి.

టంకం వేసేటప్పుడు 25 వాట్ల ఐరన్ చాలు. పట్టా బయటి వైపు గీరి, ఫ్లక్స్ రాసి, తీగకు ముందే టంకం పూసి, రెండు సెకన్లలో అంటించి తీసేయాలి. ఎక్కువసేపు పెడితే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. ఇరువైపులా తడిగుడ్డ ముక్కలు వేసుకోండి.

కప్లింగులు, బరువు

అన్నిటికీ ఒకే రకం కప్లింగ్ ఉండాలి. సెట్‌తో వచ్చే యూరప్ లూప్ కప్లింగ్ తగలడం బాగానే తగులుతుంది, విడదీయడమే గోల. కేడీ కంపెనీ నకల్ కప్లర్లకు మార్చుకోండి. వ్యాగన్‌కు ఎన్‌ఈఎమ్ పాకెట్ (కప్లింగ్ దూర్చే యూరప్ ప్రామాణిక గూడు) ఉంటే 17 నుంచి 20 దాకా నంబర్లున్నవి నేరుగా దూరిపోతాయి. విడదీసే పనిముట్టు మీ దేవుడి గదిలోనే ఉంది. కాలిపోయిన అగరుబత్తి పుల్ల కొస చెక్కి, రెండు కప్లర్ల మధ్య పైనుంచి దించి కొంచెం మెలితిప్పితే విడిపోతాయి. ఇంజన్ కాస్త వెనక్కి నొక్కి, కప్లర్లు వదులయ్యాక తిప్పాలి. బిగువు మీద తిప్పితే బండి పట్టా దిగుతుంది.

తేలిక వ్యాగన్లు వెనక్కి నెట్టినప్పుడు ఎగిరి పడతాయి. అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్ బరువు ఒక ఔన్సు, దాని పైన ప్రతి అంగుళం పొడవుకూ అర ఔన్సు. 11 సెంటీమీటర్ల వ్యాగన్‌కు సుమారు 90 గ్రాములు. లోపల వాషర్లు అతికిస్తే సరి. ఎనిమిదీ ఒకే బరువులో ఉంటే ఆట ఎంత హాయిగా ఉంటుందో వేసి చూడండి.

ఊరి రూపం

కనీసం కొన్ని వారాలు ఉత్త ట్రాక్ మీదే ఆడాకే ఇటు రండి. కంకర ఒకసారి అంటించాక తప్పులు దిద్దడం కష్టం.

నా సలహా, తాండూరు లాంటి ఊరి గూడ్స్ షెడ్డు చేయండి. సికింద్రాబాద్–వాడి లైన్ మీద నాపరాళ్లు, సిమెంటు పుట్టే ఊరు. వ్యాగన్లలోకి ఏమెక్కాలో అదే చెబుతుంది. బూడిద రంగు కార్డుబోర్డు పలకలు చిన్న చిన్న చతురస్రాలుగా కోసి పేరిస్తే నాపరాళ్ల దొంతరలు తయారు. రేకుల షెడ్డుకు మందపాటి అల్యూమినియం ఫాయిల్‌ను సన్నటి దువ్వెన పళ్ల మీద నొక్కితే ముడతలు పడతాయి. మనిషి ఎత్తు 2 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. తాటిచెట్టు 17 సెంటీమీటర్లు పెట్టండి, అంటే అసలు చెట్టు 15 మీటర్లన్నమాట. చాలామంది చెట్లను పొట్టిగా చేసి యార్డంతా బొమ్మలకొలువులా మార్చేస్తారు. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో మూడు భాషల్లో ఊరి పేరు, కింద సముద్రమట్టం ఎత్తు. ఆ బోర్డు నిలబెట్టగానే జర్మనీ వ్యాగన్లు కూడా మన ఊరివైపోతాయి.

కంకరకు రాతిపొడిని టీ వడకట్టే జల్లెడతో జల్లించి వాడండి. స్లీపర్ల మధ్య బ్రష్షుతో సర్ది, సబ్బు చుక్క కలిపిన నీళ్లు పిచికారీ చేసి, సగం నీళ్లు సగం ఫెవికాల్ కలిపి డ్రాపర్‌తో వదలండి. పాయింటు కదిలే బ్లేడ్ల దగ్గర జిగురు వేయొద్దు. ఆరేదాకా అరగంటకోసారి పాయింటు తిప్పుతూ ఉండండి.

నలుగురూ చేరాక

డ్రైవర్ కంట్రోలర్ దగ్గర, పాయింట్స్‌మన్ పలక పక్కన, చీటీలు పట్టుకుని యార్డ్ మాస్టర్. నాలుగోవాడు సలహాదారు, టీ కూడా అతని బాధ్యతే. డ్రైవర్ తనంతట తాను చేయి పెట్టి బండి జరపకూడదు, పాయింట్స్‌మన్ చెబితేనే కదలాలి. ఈ ఒక్క నియమంతోనే మాటలన్నీ పుడతాయి.

"సార్, మూడో లైన్లో పెడుతున్నా," అంటాడు పాయింట్స్‌మన్ యార్డ్ మాస్టర్‌తో.

"ఆగు బాబూ, పాయింటు చూశావా? ఒకటికే ఉంది."

"తిప్పాను సార్. అన్నా, మెల్లగా రా. ఇంకా రెండు బండ్ల జాగా ఉంది... ఒకటి... సగం... ఆపు, ఆపు!"

"తగిలిందా?"

"తగల్లేదు, ముద్దు పెట్టింది. ఒక వెంట్రుకవాసి నెట్టు."

దూరాన్ని ఇలా బండి లెక్కన చెప్పడం అలవాటు చేసుకోండి. సెంటీమీటర్లు ఎవరికీ తోచవు. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఎవరైనా మీ వీధిలో ఉంటే తప్పక పిలవండి. యార్డ్ మాస్టర్ కుర్చీ ఆయనదే. ఆయన చెప్పే సంగతులు ఏ కిట్ పెట్టెలోనూ దొరకవు.

అవతలివాడి ఇంజన్ అడగకుండా ముట్టుకోవద్దు. ముట్టుకుంటే రెండు కొసలా పట్టుకోవాలి, హ్యాండ్ రెయిల్స్ పట్టి ఎత్తకూడదు. "ఎంతకు కొన్నారు?" అన్నది మన నోట ముందుగా వచ్చే ప్రశ్న. ఆయన భార్య వంటింట్లో వింటూ ఉంటే అసలు అడగొద్దు. కొత్తగా వచ్చినవాడి వ్యాగన్‌లో రివెట్లు తక్కువున్నాయని మొదటి రోజే ఎత్తిచూపేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడి చేతికి చీటీలివ్వండి, తీరిక ఉండదు. పిల్లలొస్తే డ్రైవర్ సీటు వాళ్లకే. కంట్రోలర్ నాబ్ మీద సగం దగ్గర టేపు అతికిస్తే అంతకు మించి తిప్పకూడదని తెలుస్తుంది.

దుమ్ము, వాన

ఇంజన్ కుంటుతూ నడిస్తే పదింట తొమ్మిదిసార్లు మురికే కారణం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలుగుడ్డతో పట్టాలు తుడవండి. శాండ్‌పేపర్ వద్దు, అది చేసే గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. ఇంజన్ చక్రాలకు, తడిపిన టిష్యూ పేపర్‌ను పట్టాల మీద పరిచి, ఇంజన్ సగం దాని మీద, సగం ఉత్త పట్టా మీద ఉండేలా పెట్టి, చేత్తో పట్టుకుని కంట్రోలర్ తిప్పండి. చక్రాలు అక్కడే తిరుగుతూ నల్లటి చారలు వదులుతాయి. తర్వాత ఇంజన్‌ను అటు తిప్పి మిగతా సగం.

ఆట లేనప్పుడు పాత దుప్పటి కప్పండి. ఫ్యాన్ గాలికి ఎగిరే దుమ్మూ బల్లులూ రెండూ ఆగుతాయి.

చీటీల ఆట సులువైపోయిందనిపించిన రోజున నియమం బిగించండి. ఇంజన్ ఎన్నిసార్లు దిశ మార్చిందో లెక్కపెట్టి, తక్కువ లెక్కతో ముగించినవాడు గెలిచినట్టు. లేదా రెండో లైన్లోని ఒక వ్యాగన్‌లో సరుకు దించుతున్నారని చెప్పి, అయిదు ఎత్తులు దాకా దాన్ని కదపొద్దనండి. అప్పుడు చూడండి, సలహాదారు ఎంత గట్టిగా అరుస్తాడో.